స్టార్ట్ ఇమీడియట్లీ

మన్మాడ్ బండికి గంట కొట్టారు. నాందేడ్ స్టేషన్లో టెలిగ్రాం గుమాస్తాకు కాలు నిలవడం లేదు. కిటికీ ముందు నిలబడ్డ నడివయసు ఆవిడ మాత్రం కదిలేటట్టు లేదు.

“సికింద్రాబాద్‌ల మా తమ్మునికి తార్ కొట్టాలె. ఎంటనే బయలెల్లుమని ఇంగ్లీషుల రాస్తరు గద, స్టార్ట్ ఇమీడియట్లీ, గది రాయి.”

“ఎవరన్న పోయిండ్రా అక్కా?”

“ఎవరు పోలే. అందరు మంచిగనే ఉన్నరు.”

“తార్‌ల గా మాట జూస్తే ఎవరో సచ్చిండ్రనే అనుకుంటరు. ‘అందరు క్షేమం’ అని పక్కకు రాస్త.”

“వద్దు. మాహూర్ జాత్రల మాట మాట అనుకున్నకాన్నుంచి వాడు నా గడప తొక్కలే. జాబు రాస్తే జవాబు లేదు. నేను పోయిననుకొనే రానీ. నా కోసం ఏడుస్తడో లేదో కండ్లార సూసుకుంట.”

దూరంగా బండి కూత వినిపించింది. గుమాస్తా గబగబా రాసి, ఆఖరి గీత దగ్గర ఆగాడు.

“కింద పంపినోళ్ల పేరుండాలె. నీ పేరు రాస్తే బతికే ఉన్నవని తెలుస్తది. మీ ఆయన పేరు రాయాల్నా?”

ఆమె కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

“వద్దు. నా పేరే రాయి. బతికున్న అక్క కోసం బండెక్కుతడో లేదో, గదే సూస్త.”