కూతగాడు ఇల్లరికం పోయిన ఏడు

ఆదెమ్మ పొద్దున్నే పట్ట పరిచి ఇసకలో చేపలు ఎండేస్తా ఉందంట. మాఘమాసం, దశమి, శుక్రవారం, తొమ్మిది గంటలప్పుడు. పెద్ద గాలివాన వచ్చిన ఏటికి పై ఏడు. ఇంత కచ్చితంగా ఎట్టా చెప్తన్నావమ్మా అంటారేమో, మా అత్త ఈ సంగతి చెప్పేటప్పుడు గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, ముందు తిథీ వారమూ చెప్పి ఆ తరవాతే లోపలికి దిగేది. నేనూ అట్టాగే చెప్తన్నా. ఆదెమ్మంటే మా అత్తకి అత్త. మా దిన్నెపాలెం చెడుగుడు జట్టుకి పెద్దగా ఉండిన తిరుపాలు ఆమె మొగుడు. ఆ జట్టులో కూతకెళ్ళే సముద్రాలు ఆమె తోడబుట్టిన తమ్ముడు. సముద్రాలు గీత దాటి కూత పెట్టాడంటే అవతలోళ్ళు ఎంతమంది మీదపడి పట్టుకున్నా సరే, వాళ్ళ చేతులు అలిసిపోయేదే గానీ వీడి ఊపిరి అలిసేది కాదంట. అందర్నీ ఈడ్చుకుంటా వచ్చి గీత ముట్టుకునేవాడు. ఇంక మిగతావాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, ఏం చెయ్యరు, నిలబడి చూసేవాళ్ళు. అట్టా అలవాటైపోయింది మావాళ్ళకి.

ఏమైందంటే, ఆ శుక్రవారం పొద్దున సముద్రాలు వచ్చి అక్క ఎదురుగా ఇసకలో కూర్చున్నాడు. చేపలు తిరగెయ్యటానికి చెయ్యి కలిపాడు. ఆదెమ్మే అంది, ఏందిరా, పెళ్ళింకా నెల కూడా కాలేదు, అప్పుడే అలిగిందా నీ పెళ్ళాం అని. వాడు తలొంచుకుని, అక్కా, మా మామకి మగపిల్లలు లేరు గదా, పడవుంది గానీ చుక్కాని పట్టేవాడు లేడు, నన్ను ఇల్లరికం రమ్మంటన్నాడు, నేను సరేనన్నాను అన్నాడు. ఆ మామది ఊటుపాలెం. మాకూ ఊటుపాలేనికీ మధ్యన ఉప్పుటేరు ఒకటే అడ్డం, కానీ చెడుగుడు కాడికొస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మా పాలేల కట్టుబాటు ఏందంటే, ఏ ఇంటి కుండలో కూడు తింటే ఆ ఊరి గీతలోనే నిలబడి ఆడాలి. ఇల్లరికం పోయినోడికీ అంతే. ఆదెమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయిందంట. మీ బావకి నువ్వే చెప్పుకో, నా నోటితో నేను చెప్పలేను అంది.

ఆట పోతే పోయింది, అంత దిగులెందుకమ్మా అంటారా? చెప్తాను. చైత్ర పున్నమికి గంగమ్మ తిరునాళ్ళ. ఆ రోజు చెడుగుడులో గెలిచిన ఊరు ఏదో, గంగమ్మ ఘటం ఆ ఊరి జట్టు పెద్ద ఇంట్లో ఏడాదంతా ఉంటది. తిరునాళ్ళ మర్నాడు తెల్లారి మొదటి పడవలో ఘటాన్ని సముద్రం మీదికి తీసుకుపోయి, తల్లికి నీళ్ళు తాకించి, మళ్ళీ ఇంటికి తెచ్చి దీపం పెడతారు. ఆ పడవలో ఘటం ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చోవాల్సింది ఆ ఇంటి పిల్లల మేనమామ. సముద్రాలు కూత పుణ్యాన అప్పటికది ఆదెమ్మ ఇంట్లోనే ఉంది. గాలివానలో తిరుపాలు పడవ తిరగబడి, ఇంక రాడని అందరూ అనుకుంటే, ఆదెమ్మ ఘటం ముందు కూర్చుని దీపం కొండెక్కకుండా చూసుకుందంట. మనిషి తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆ దీపం చూడందే మొగుణ్ణి సముద్రం మీదికి పంపదు. ఘటం ఊటుపాలెం పోతే ఆమె ఏం చూసి పంపాల? అదీ దిగులు. ఎవరితో చెప్పుకున్నా, ఆటగదా ఆదెమ్మా అంటారు. అందుకని చెప్పుకోలేదు.

సరే, తిరుపాలు జట్టుని వలలు ఆరేసే కాడ కూర్చోబెట్టాడు. ఒకడన్నాడు, టౌన్లో మంచి ఆటగాడున్నాడంట, మూడు పూటలా కూడు పెట్టి మన ఊళ్ళో ఉంచుకుంటే కట్టుబాటు కూడా తప్పినట్టు కాదు అని. తిరుపాలు వద్దన్నాడు. మన తాడు పట్టి వల లాగనోడు మన గీతలో నిలబడడు, ఇంకో మాట చెప్పండి అన్నాడు. అప్పుడు పోలయ్య లేచాడు. పోలయ్యంటే తిరుపాలు సొంత తమ్ముడు, ఆదెమ్మకి మరిది. కుర్రాడు చురుకు, ఆ చురుకు తనకే ముందు తెలుసు. సముద్రాలు ఎట్టా పోతాడో చూసి చూసి నాకు వచ్చేసింది అన్నా, నేను పోతా అన్నాడు. అందరూ తలూపారు. వాడు మీసం కూడా సముద్రాలు మాదిరే దువ్వటం మొదలుపెట్టాడంట. కూత కూడా అదే యాస. పక్క పాలెం వాళ్ళని పిలిచి ఉత్తుత్తి ఆట పెట్టుకుంటే ఏమైంది? పోయినప్పుడల్లా దొరికాడు. సముద్రాలు నడకైతే వచ్చింది గానీ సముద్రాలు ఊపిరి రాలేదు. దొరకటం, మిగతావాళ్ళు నిలబడి చూడటం. అలవాటు గదా మరి.

ఈ కబురు ఏరు దాటి పోయింది. ఆదెమ్మ గంప దించుకుని సంతలో కూర్చుంటే ఊటుపాలెం ఆడోళ్ళు ఊరుకుంటారా. ఏమ్మా ఆదెమ్మా, ఘటం పెట్టుకోటానికి మా వీధిలో అరుగు అలుకుతున్నాం, ఎంత ఎత్తుండాలో కాస్త చెప్పి పో అన్నదంట ఒకామె. ఇంకొకామె, మీ తమ్ముడికి మా ఊరి పులుసు బాగా పడింది, మెడ కనపడటంలా అంది. ఆదెమ్మ తగాదా మనిషి కాదు. అరుగు అలకండమ్మా, పండక్కి అలికితే మంచిదే గదా అని, చేపలమ్ముకుని వచ్చేసింది. వచ్చేటప్పుడు ఏటిగట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకుని, అప్పుడు లేచి వచ్చింది.

ఇంటికి పోయే దారిలో మావాళ్ళు వల లాగుతున్నారు. మీకు తెలుసుగా, పెద్ద వలని పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు ముఠాలు పట్టుకుని లాగుతారు. తాడు కొసన గురవయ్య మావ ఉన్నాడు. వయసు మళ్ళినోడు, లావు మనిషి, రొయ్య పట్టుకోబోయి పడిపోయాడని పిల్లలు ఎగతాళి చేస్తారు. కానీ తాడు నడుముకి చుట్టుకుని మడమలు ఇసకలో దించాడంటే కదిలించటం ఎవరి వల్లా కాదు. ఆయనే పిలుపు పిలుస్తాడు. ఎవరి వలా అంటాడు. అందరూ గంగమ్మ వలా అంటా ఒక్కసారి లాగుతారు. మా దిన్నెపాలెం పిలుపు అది, ఇంకో పాలెంలో ఉండదు. ఆదెమ్మ గంప నెత్తిన పెట్టుకునే అట్టా నిలబడి చూసిందంట, వల ఒడ్డుకొచ్చిందాకా.

ఆ పొద్దు తిరుపాలుకి కూడు పెడతా అడిగింది, మావా, చేప కనపడంగానే తాడు లాగుతారా అని. లాగితే పక్కల్నుంచి పోదా, లోపలికి రానిచ్చి, రెండు కొసలూ దగ్గిరకి తెచ్చి అప్పుడు లాగుతాం, పుట్టిన కాడ్నుంచి చూస్తన్నావు గదే అన్నాడు. మరి గీతలో నిలబడినప్పుడు ఎదురుపోయి ఎందుకు మీదపడతారు మావా అంది. తిరుపాలు ముద్ద కంచంలోనే పెట్టి ఆమె మొహం చూశాడు. పట్టేది ఎవర్నో తెలిసే చెప్తన్నావా అన్నాడు. నా తమ్ముణ్ణే అంది ఆదెమ్మ. వాడికి దెబ్బ తగలకుండా పట్టండి అంది.

మర్నాడు తిరుపాలు జట్టుని మార్చేశాడు. ఇంక మనకి కూతగాడంటూ ఎవడూ లేడు, వంతుకొకడు పోండి, తాకినా తాకకపోయినా దొరక్కుండా రండి, గెలిస్తే పట్టులోనే గెలవాలి అన్నాడు. వల ముఠాలో పక్కపక్కన తాడు పట్టేవాళ్ళనే ఏరి పక్కపక్కన నిలబెట్టాడు. వెనక నడిమధ్యన గురవయ్యని పెట్టాడు. అందరూ నవ్వారు, గురవయ్య కూడా నవ్వాడంట, నేను ఉరకలేనురా తిరుపాలూ అని. ఉరకొద్దు మావా, నిలబడు చాలు అన్నాడు. పోలయ్యని కూత నుంచి తీసేసి ఓ మూలకి నిలబెట్టాడు. పోలయ్యకి రోషం వచ్చింది. సొంత తమ్ముణ్ణి తీసి ముసలోణ్ణి పెడతావా అని రెండు పూటలు ఇంటికి కూటికి రాలా. మూడో పూట ఆదెమ్మే కంచం పట్టుకుని పడవ కాడికి పోయింది. నువ్వు సముద్రాలువి కావటం నాకెందుకయ్యా, నాకు వాడున్నాడు, నువ్వు పోలయ్యగా ఉండు అంది. వాడు కంచం అందుకుని తిన్నాడు. మీసం మాత్రం తెల్లారికల్లా మామూలుగా దువ్వుకున్నాడు.

చైత్ర పున్నమి వచ్చింది. గంగమ్మకి పొంగళ్ళు అయినాయి, గీత గీశారు. ఆట ఎట్టా సాగిందంటే, మావాళ్ళు పోవటం, ఊరికే వచ్చేయటం. ఊటుపాలెం వాళ్ళు ఈలలు. కానీ వాళ్ళ మనిషి ఎవడు లోపలికొచ్చినా, రెండు పక్కలా దగ్గిరకొచ్చి మూసేయటమే. అట్టా అట్టా సమానంగా వచ్చి, ఆఖరి కూత మిగిలింది. దాటాడు సముద్రాలు. చెడుగుడు చెడుగుడు అని ఆ గొంతు వినగానే దిన్నెపాలెం ఆడోళ్ళు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారంట. వాడికి తెలుసు పోలయ్య ఆగలేడని. మూలకి పోయి పోలయ్య ముక్కు ముందు చెయ్యాడించాడు, ఊరించాడు. పోలయ్య పెదవి కొరుక్కుని ఒకడుగు వెనక్కేశాడు. ఆ అడుగు చూడండి, దాంట్లోనే ఉంది ఆటంతా. సముద్రాలు ఇంకా లోపలికొచ్చాడు. వచ్చి పోలయ్య భుజం తాకి తిరిగాడో లేదో, కొసలు మూసుకున్నాయి. గురవయ్య వెనక నుంచి నడుం పట్టి మడమలు దించాడు.

కానీ సముద్రాలు సముద్రాలే. కూత ఆగలా. అందర్నీ ఈడుస్తా ఈడుస్తా గీతకి జానెడు దూరానికొచ్చాడు. చెయ్యి చాపాడు. మావాళ్ళ పట్టు జారిపోతా ఉంది. అప్పుడు గురవయ్య, ఆలోచించి కాదు, బరువు లాగేటప్పుడు ఆయన నోరు ఊరుకోదు గదా, ఎవరి వలా అన్నాడు. పట్టుకున్నవాళ్ళంతా గంగమ్మ వలా అని ఒక్క గుంజు గుంజారు. వాళ్ళతో పాటు సముద్రాలు కూడా అన్నాడు. గంగమ్మ వలా అని, గట్టిగా, మనసారా అన్నాడు. ఊహ తెలిసిన కాడ్నుంచి ఆ పిలుపుకి పలికిన నోరు. అంతే, కూత తెగింది. ఊటుపాలెం వాళ్ళు ఇది దొంగాటని లేచారు. తీర్పు చెప్పే పెద్దాయన, ఎవరన్నా అతని నోరు పట్టుకుని అనిపించారా అన్నాడు. ఇసకలో పడున్న సముద్రాలే, లేదులే తాతా, నేనే అన్నా అన్నాడు. భుజం పట్టేసింది వాడికి. అక్క వైపు చూడకుండా మామ వెనకాలే పోయాడు.

తెల్లారింది. ఘటం పడవెక్కాలి. ముందు చోటు ఖాళీగా ఉంది. పోలయ్య కూర్చోబోతే ఆదెమ్మ ఆపింది, అది నీ చోటు కాదయ్యా, జట్టులో మనిషిని మార్చారు గానీ నా పిల్లలకి మేనమామని మార్చలేదు అంది. కోడి కూయకముందే తిరుపాలు నువ్వులనూనె గిన్నె పట్టుకుని ఏరు దాటిపోయాడంట, బావమరిది భుజానికి. పొద్దు పొడిచే వేళకి ఇద్దరూ వస్తా కనపడ్డారు. సముద్రాలు తలస్నానం చేసి వచ్చాడు, వెనకాల వాళ్ళ మామ కూడా. నేరుగా పోయి పడవలో కూర్చుని, ఘటం ఒళ్ళో పెట్టించుకున్నాడు. పడవని నీళ్ళలోకి తొయ్యటానికి గురవయ్య భుజం ఆనించి, ఎవరి వలా అన్నాడు. అందరూ పలికారు. సముద్రాలు నోరు బిగించుకుని అక్క వైపు చూశాడు. అనరా, ఇప్పుడు కూత లేదుగా అంది ఆదెమ్మ. అప్పుడన్నాడు. పడవ కదిలింది. ఆమె ఇంటికొచ్చి, ఘటం తిరిగొచ్చే లోపల దీపానికి వత్తి మార్చింది, చారెడు బియ్యం ఎక్కువ పోసి ఎసరు పెట్టింది.

నేను పుట్టింది ఊటుపాలెంలో అమ్మా, సముద్రాలుకి మనవరాల్ని. మా పుట్టింట్లో ఇప్పటికీ అది దొంగాటే అంటారు. అత్తింట్లో మాత్రం గంగమ్మే పలికించిందంటారు. ఏది నిజమో ఆ తల్లికి తెలియాల. నేనైతే కూడు తినేది ఇక్కడ గదా, ఈ గీతలోనే నిలబడి చెప్తన్నా.