గేటు బయట పెళ్ళిచూపులు

పార్కు నిండిపోయిందంటే ఏంది తంబీ అర్థం? ఇదేమన్నా నీళ్ళ బిందెనా, అంచుదాకా వచ్చి ఒలికిపోయేదానికి? ఈ కమ్మీల సందులోంచి నాకు బాగానే కనిపిస్తా ఉంది. అదో, ఆ ఏనుగు బొమ్మ పక్కన అంత ఖాళీ నేల పడుంది. మా వాళ్ళంతా అక్కడ కూర్చుని పేకాట కూడా ఆడొచ్చు.

నేల లెక్క కాదా? మరేం లెక్క?

ఓహో. నీళ్ళ తొట్టిలో ఎంతమంది దిగొచ్చు, రాట్నం గంటకి ఎంతమందిని తిప్పుద్ది, బాత్రూములెన్ని, అగ్గి పుడితే ఒకరినొకరు తొక్కుకోకుండా ఎంతమంది బయటపడొచ్చు, ఇదంతా చూసి ఒక లెక్క కట్టుకున్నారా. ఆ లెక్క రాగానే కౌంటరు మూసేస్తారా. బాగుంది. పండగ చేసుకునేవాళ్ళు ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే ఎట్లా పారిపోదామని ముందే ఆలోచిస్తారా?

నేను తుడియలూరు జానకమ్మాళ్‌ని. నా కొడుక్కి అక్కడ పంపుసెట్లు తయారుచేసే పట్టరై ఉంది. మా ఇంటి పెళ్ళికి ఎంత జనం, ఎంత కూట్టం వస్తుందో నీకేం తెలుసు? పిలిచినవాళ్ళు సగం, వాళ్ళు వెంటేసుకొచ్చినవాళ్ళు సగం. ఒక్కరినైనా నిండిపోయింది పొమ్మన్నామా? ఒక పంక్తి తింటా ఉంటే ఇంకో పంక్తి వాళ్ళు కుర్చీల వెనకాల నిలబడి ఉంటారు. వీళ్ళు ఆకు మడిచేలోపల వాళ్ళు కూర్చుంటారు. సాంబారు తగ్గితే వేన్నీళ్ళు పోస్తాం. కూట్టాన్ని సంబాళించేదంటే అదీ. నీ మాదిరి నడుముకి వాకీటాకీ తగిలించుకుని చెయ్యి అడ్డం పెట్టేది కాదు.

నీ చొక్కా మీద పేరు చూశా. కోదండరామన్. మనవాడేనని అప్పుడే అనుకున్నా. సింగానల్లూరా? ఇంట్లో మన తెలుగు మాటే కదా? చూడు మరి. మన పిల్ల పెళ్ళిచూపులకి మనవాడే వాకిలికి అడ్డం నిలబడితే నలుగురూ ఏమంటారు?

అవును, పెళ్ళిచూపులే. నవ్వుకో. నాకూ నవ్వే వచ్చింది.

అదో, ఆ వేపచెట్టు కింద పచ్చ చుడీదార్‌తో నిలబడింది చూడు, నా మనవరాలు మధుమిత. అబ్బాయిది మదురై, పేరు అరవిందన్. వాళ్ళూ మన మాట వాళ్ళే. ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని సొజ్జీ బజ్జీ తిని పిల్లని చూసేది ఆ అబ్బాయికి నచ్చదంట. నలుగురూ తిరిగే చోట మాట్లాడుకుంటా తిరగాలంట. అందుకని మీ నీళ్ళాటల పార్కు. పిల్లని చూసేదానికి టికెట్ కొనాల. మా వంశంలో ఇదే మొదలు.

వాళ్ళు ముగ్గురే. అబ్బాయి, అమ్మ, నాయన. పొద్దున్నే లోపలికి పోయి కూర్చున్నారు. మేం పద్నాలుగు మందిమి. ఎందుకంతమంది అంటావేంది? మేనత్తని పిలవకపోతే అలుగుద్ది. అన్నూరు పంగాళీలని వదిలేస్తే దాయాదులని మరిచిపోయారంటారు. సంబంధం కలుపుకునేది ఇద్దరు మనుషుల పనా?

మేం ఆలస్యంగా రాలేదు తంబీ. గేటు తెరిచిన కాసేపటికే ఇక్కడున్నాం. రండి పాటీ, రండవ్వా అని నువ్వే చేత్తో పిలిచావు. కానీ శనివారం, అప్పుడు రాహుకాలం. శుభమా అని వచ్చి రాహుకాలంలో పిల్లని గడప దాటిస్తానా? ఆ చెట్టు కింద జమక్కాళం పరిచి అందరినీ కూర్చోబెట్టా. పులిహోర పొట్లాలు విప్పాం. మా కళ్ళ ముందరే బస్సులు బస్సులుగా దిగి లోపలికి పోతా ఉన్నారు. రాహుకాలంలో పోయేవాళ్ళ ఖర్మ అనుకున్నా. రాహుకాలం దాటింది, కుచ్చిళ్ళు దులుపుకుని లేచి వచ్చాం. నువ్వు గొలుసు వేశావు.

ఫోన్‌లో ముందే టికెట్ తీసుకున్నవాళ్ళని ఇప్పుడు కూడా పంపిస్తానే ఉన్నావు. వాళ్ళ చోటు వాళ్ళకి ఎత్తిపెట్టి ఉంచారా. మా వసంత్, మధుమిత తమ్ముడు, బుక్ చేస్తానవ్వా అని మొత్తుకున్నాడు. పెళ్ళిచూపులకి బుకింగ్ ఏందిరా, సినిమాకా పోతున్నాం అని నేనే నోరు మూయించా. ఇప్పుడు వాడు నా మొహం చూడకుండా ఎటో చూస్తా ఉన్నాడు.

వాళ్ళనే బయటికి రమ్మనొచ్చు కదా అంటావా? ఆ అబ్బాయి వస్తానన్నాడు. వాళ్ళమ్మ ససేమిరా అంది. గేటు దాటి రాలేనివాళ్ళు సంబంధమేం కలుపుతారు అందంట. భోజనమయ్యేదాకా చూసి మదురైకి కారెక్కేస్తారంట. అంత టెక్కు ఆవిడకి. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేదాన్నిలే.

ఇంతకుముందు సంబంధాలు వచ్చినప్పుడు మా మధు కట్టెలా కూర్చునేది. ఈ అబ్బాయితో మాత్రం మిద్దె మీదికి పోయి ఫోన్‌లో మాట్లాడుతుంది. నాకు తెలీదనుకుంటుంది. పొద్దున కారులో అంతసేపూ దాని మొహంలో నవ్వే. ఇప్పుడు చూడు, ఎట్లా వాడిపోయిందో.

ఏందీ? బయటికొకరు వస్తే లోపలికొకరా? ఇప్పుడే ఒకాయన వెళ్ళిపోయాడా? అయితే ఒక చోటుంది. పద్నాలుగు మందికి ఒకటి. సరే, అదే ఇవ్వు. పెద్దదాన్ని నేను పోయి ఆవిడతో రెండు మాటలు మాట్లాడొస్తా. వేసెయ్ ఆ కాగితం పట్టీ నా చేతికి.

ఉండు. అదెందుకు ఇటు వస్తా ఉంది?

మధూ, నువ్వు అక్కడే ఉండవే. ఒంటరిగా ఆడపిల్లని పంపిస్తే... తంబీ, దాని చేతికి కడతావేంది? నన్నడగవా?

ఏమంటా ఉందో విన్నావా? "చూసేది నేను కదవ్వా" అంటా ఉంది.

నన్ను చూసేదానికి ఇరవైమంది వచ్చారు తంబీ. తల ఎత్తొద్దన్నారు. ఆయన కాళ్ళు చూశా. మొహం చూసింది తాళి పడ్డాకే. ఆ రోజు మా కూడంలో అందరికీ చోటు దొరికింది, వచ్చినవాళ్ళ డ్రైవరుకి కూడా. నాకే దొరకలా.

తియ్యి గొలుసు. దాన్ని పోనీ.

చూడు, వెనక్కి కూడా తిరగలేదు. మేనత్త అడుగుతా ఉంది, మనం ఎప్పుడు పోతామని. నిండిపోయిందని చెప్పెయ్యి తంబీ. మా తరపున అదొక్కతే చాలు.