సత్తియ్య గారి అవిశ చెట్లు

సభకు పెద్దగా కూర్చున్న నిమ్మ రైతుల సంఘం అధ్యక్షులు సూర్యనారాయణరాజు గారికి, రాజమండ్రి నుంచి ఎండలో శ్రమపడి వచ్చిన మా పై అధికారులకి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే సుప్రజకి, కోరుకొండ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పనులు మానుకుని వచ్చిన రైతు సోదరులకి, అక్కచెల్లెళ్ళకి, వెనక తలుపు దగ్గర నిలబడి ఈవిడ ఎప్పుడు ముగిస్తే భోజనాలు వడ్డిద్దామా అని నా వంకే చూస్తున్న మా జీపు డ్రైవర్ దొరబాబుకి, అందరికీ నమస్కారాలండి. (నవ్వులు)

పొద్దుట్నుంచి చాలామంది నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. కొన్ని వింటుంటే ఎవరి గురించా అని నేనూ అటూ ఇటూ చూశాను. రాజు గారు ‘జానకీదేవి గారు శాంతమూర్తి’ అన్నప్పుడైతే ముందు వరసలో నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుని తల దించుకోవడం ఇక్కణ్ణుంచి బాగానే కనపడింది. (నవ్వులు) దించుకోకండి, నిజం మీకూ తెలుసు, నాకూ తెలుసు. నా జీపు చప్పుడు వినపడగానే యూరియా బస్తాల మీద గడ్డి కప్పేసినవాళ్ళు ఈ హాల్లో పదిమందైనా ఉంటారు. ఒక పెద్దాయన నన్ను చూసి బోదె కాలవ దాటబోయి చెప్పు పోగొట్టుకున్నారు. పేరు చెప్పను, ఆయన ఇప్పుడు చక్కగా తెల్ల పంచె కట్టుకుని నవ్వుతున్నారు. మీరందరూ నా కోపం భరించారు, అందుకు ముందుగా థ్యాంక్స్ అండి.

శాలువాలు కప్పారు, దండలు వేశారు, ఇంతకంటే ఎవరికైనా ఏం కావాలి. కాకపోతే ఈ రోజు సాయంత్రం ఐదు గంటల వరకే నేను ఉద్యాన శాఖ అధికారిని. ఐదు దాటాక నేనేం చెప్పినా అది ఒక రిటైరైన ఆవిడ మాట. అందుకని అధికారిగా ఉండగానే, మీ అందరి ఎదురుగా, ఒక మాట చెప్పాలనుకున్నాను. అది చెప్పడానికే మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న సత్తియ్య గారిని రమ్మని పిలిచాను. ఆయన రానన్నారు. దొరబాబుని రెండుసార్లు పంపితే, చివరికి కూతురు వీరవేణి బలవంతం మీద వచ్చారు. సత్తియ్య గారూ, లేచి వెళ్ళిపోకండి, పెద్దగా సాగదీయను.

మాది పాలకొల్లు దగ్గర అని మీకు తెలుసు. నీళ్ళల్లో పుట్టి నీళ్ళల్లో పెరిగిన మనుషులం. మా పెరట్లో కొబ్బరి చెట్ల కింద ఒక నిమ్మ చెట్టు ఉండేది. పొద్దున్న పది దాటినా దాని ఆకు మీద తడి ఆరేది కాదు. ఆకుల నిండా గజ్జి మచ్చలు, మొదలు దగ్గర బంక కారుతూ ఉండేది, కాసిన నాలుగు కాయలూ గరుకుగా ఉండేవి. ‘నీడలో పెడితే ఇంతే’ అని మా నాన్నగారు అనేవారు. తర్వాత కాలేజీలో పుస్తకంలో కూడా అదే చదివాను, నిమ్మకి నిండు ఎండ కావాలి, నీడుంటే తెగులు అని. నాన్న చెప్పిందీ పుస్తకం చెప్పిందీ ఒకటే అయ్యేసరికి ఇక నాకు తిరుగులేదనుకున్నాను. ఉద్యోగంలో చేరి మెట్ట మీదకి వచ్చాను. మెట్ట అంటే ఏంటో నాకు తెలీదు. అక్కడ ఎండ ఎలా ఉంటుందో, ఏ మూల నుంచి కొడుతుందో తెలీదు. అది తెలీదన్న సంగతి కూడా తెలీదు.

చేరిన మూడో ఏడు, చైత్రంలో, సత్తియ్య గారి తోటకి వెళ్ళాను. రెండెకరాల నిమ్మ తోట, ఎనిమిదేళ్ళ చెట్లు, ఒక్కోటి గొడుగు విప్పినట్టు ఉండేది. తోటకి పడమటి గట్టు పొడవునా, నిమ్మ వరసల మధ్యనా ఆయన అవిశ చెట్లు వేశారు. అవి సన్నటి ఆకు చెట్లు, మధ్యాహ్నం దాటాక వాటి పలచటి నీడ నిమ్మ మీదకి వచ్చేది. ఉత్తరం మూలన మాత్రం పక్కవాళ్ళ వెదురు పొద ఒకటి వాలిపోయి ఉంది. దాని కింద ఉన్న నాలుగు చెట్లకి గజ్జి మచ్చలు కనపడ్డాయి. నేను ఆ నాలుగు చెట్లూ చూశాను, అవిశలు చూశాను, ఇంకేం చూడలేదు. ‘ఏంటండీ ఇది, నిమ్మ తోటలో నీడ పెంచుతారా? వారంలో అవిశలన్నీ కొట్టించేయండి’ అన్నాను.

ఆయన వాదనకి దిగలేదు. ‘అమ్మగారూ, ఒకసారి మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూడండి, అప్పుడు కొట్టమంటే కొడతాను’ అన్నారు, అంతే. ఇక్కడ మా శాఖ రహస్యం ఒకటి చెప్పాలి. మేం తోటలకి పొద్దున్నే బయల్దేరతాం, పన్నెండు కల్లా ఆఫీసుకి వచ్చేస్తాం. (నవ్వులు) నవ్వకండి, మీకూ తెలిసిన విషయమే. ఆ రోజుల్లో మెట్ట మీద మధ్యాహ్నం మూడింటి ఎండలో ఏ అధికారీ ఏ తోటలోనూ నిలబడలేదు, నేనూ నిలబడలేదు. వారం తర్వాత పొద్దున పదింటికే వెళ్ళాను. అవిశలు అలాగే ఉన్నాయి. నలుగురు రైతులు చూస్తుండగా గట్టిగా కోప్పడ్డాను. ఆ సాయంత్రమే ఆయన చెట్లు కొట్టేశారు.

రోహిణి కార్తె వచ్చింది. ఎనిమిదేళ్ళూ నీడ తెలిసిన చెట్లకి ఒక్కసారిగా పడమటెండ తగిలింది. కాండాలు పడమటి వైపు కాలి బెరడు నెర్రెలిచ్చింది. పోనీ ఎండ ముదరకముందు అవిశలు ఒక్కో వరసలో ఒక్కోటి చొప్పున తీయించినా, నిమ్మ మొదళ్ళకి కాస్త సున్నం పూయించినా సగం చెట్లు బతికేవేమో, నాకు ఆ మాట కూడా తోచలేదు. తర్వాత వానలు పడ్డాయి, పగిలిన బెరడులోకి తేమ దిగింది, బంక మొదలైంది, కొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి. బంక తెప్పించే బూజు అన్ని తోటల్లోనూ ఉంటుందండి, ఆయన తోటకి ప్రత్యేకంగా ఎక్కణ్ణుంచో రాలేదు. అది బడలిన చెట్టు కోసం కాచుకుని ఉంటుంది. రెండెకరాల చెట్లనీ ఒకే వేసవిలో బడలించి దానికి అప్పగించింది నేను. మూడేళ్ళలో తోట పోయింది.

మంచినీళ్ళు కొంచెం ఇవ్వండి.

ఆ తోట పోయిందని నేను రిజిస్టర్లో రాశాను. ఎందుకు పోయిందో కూడా రాశాను. ‘రైతు నిర్లక్ష్యం’ అని. అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు, నిజంగానే నమ్మాను, మందు సరిగ్గా కొట్టలేదేమో, నీళ్ళు ఎక్కువ పెట్టారేమో అనుకున్నాను. మనం చెప్పినట్టు చేశాక కూడా తోట పోతే తప్పు ఇంకెవరిది అవుతుంది, రైతుదే కదా! అలా ఉండేది నా బుర్ర. రాసి ఊరుకున్నా బాగుండేది. ఊరూరా రైతు శిక్షణల్లో దాన్ని కథగా చెప్పాను. ‘శ్రద్ధ లేకపోతే సత్తియ్య గారి తోటలా అవుతుంది’ అని నేను చెప్పగా విన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. కొందరు అప్పట్లో పకపకా నవ్వారు కూడా. ఆయన ఊళ్ళో ఆయన ఎదురుగానే ఒకసారి చెప్పాను. ఆయన చివరి బెంచీ మీద కూర్చుని విన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది చెప్పడమే కష్టం. తప్పు నాదని నాకు ఈ మధ్య తెలిసింది కాదు. పదిహేనేళ్ళ క్రితమే తెలిసింది. ఒక వేసవిలో జీపు చెడిపోయి ఒక తోటలో చిక్కుబడిపోయాను. టైరో ఇంజనో, దొరబాబుకి గుర్తుండాలి. ఏంటి, రేడియేటరా? సరే, రేడియేటర్. మధ్యాహ్నం మూడయింది. నిలబడలేక ఒక నిమ్మ చెట్టు కాండం మీద చెయ్యి వేశాను. పడమటి వైపు చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలిపోతోంది. అదే తోటలో కొబ్బరి నీడ పడే వరసలో చెట్ల మొదళ్ళు చల్లగా ఉన్నాయి, ఆకు నిగనిగలాడుతోంది. సత్తియ్య గారు మూడింటికి రమ్మన్నారే, దేనికో అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి శిక్షణల్లో ఆ కథ చెప్పడం మానేశాను. మానేశాను గానీ, నేను చెప్పింది తప్పు అని ఎక్కడా అనలేదు. ప్రమోషన్ ఉందని ఒక ఏడు, తనిఖీ ఉందని ఒక ఏడు, ఇప్పుడెందుకులే అని మిగతా ఏళ్ళు. కుర్చీలో ఉన్నవాళ్ళకి తప్పు ఒప్పుకోవడానికి మంచి రోజు దొరకదండి.

పోయిన నెల వీరవేణి నిమ్మ మొక్కల కోసం దరఖాస్తు పెట్టింది. అదే రెండెకరాలు. సుప్రజ కంప్యూటర్ తెరిచి, ‘మేడమ్, ఈ భూమి వివరాల్లో రైతు నిర్లక్ష్యం అని ఉందండి, వీళ్ళకి మొక్కలు ఇవ్వడానికి లేదు, ఎవరు రాశారో మరి’ అంది. పాత రిజిస్టర్లో నేను చేత్తో రాసిన మాట ఎవరో శ్రద్ధగా కంప్యూటర్లోకి ఎక్కించారు. నేనే రాశానమ్మా అన్నాను. ఆ పిల్ల స్క్రీను వంకే చూస్తూ కూర్చుంది. బయట బల్ల మీద వీరవేణి కూర్చుని ఉంది, తండ్రి చేతగానితనం వల్లే మొక్కలు రాలేదన్న మాట ఇంటికి తీసుకెళ్ళడానికి.

అందుకని నిన్న ఒక కాగితం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఫైల్లో పెట్టాను. నాలుగు ముక్కలే, చదువుతాను. ‘ఈ తోట నష్టానికి రైతు కారణం కాదు. అవిశ చెట్లను వేసవి ముందు ఒకేసారి తీయించమని ఆదేశించినది నేను. రైతు అభ్యంతరం చెప్పినా వినలేదు. నిర్లక్ష్యం అన్న మాట తొలగించవలెను.’ కంప్యూటర్లో సుప్రజ మార్చింది, వీరవేణి పేరు జాబితాలోకి వచ్చింది. కానీ కాగితం దిద్దితే ఆఫీసుకి తెలుస్తుంది గానీ ఊళ్ళకి తెలీదు. ఊళ్ళకి నేను నోటితో చెప్పాను, నోటితోనే దిద్దాలి. ఆయన తోట నా వల్ల పోయింది. మీరు నా మాట విని ఆయన్ని చూసి నవ్వారు, ఆ నవ్వు కూడా నాదే.

సుప్రజా, నీకు బంగారు మాటలేవీ చెప్పలేను. పొద్దున తొమ్మిదింటికి చెట్టు దగ్గరికెళ్ళి ఆకు ముట్టుకో. ఇంకా తడిగా ఉంటే అక్కడ నీడ ఎక్కువైనట్టు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వెళ్ళి పడమటి వైపు కాండం మీద చెయ్యి పెట్టు. పెట్టలేకపోతే నీడ చాలనట్టు. రెండు పూటలా చూడకుండా రైతుకి ఏమీ చెప్పకు. దొరబాబు మధ్యాహ్నం జీపు తీయనంటాడు, వినకు. (నవ్వులు)

సత్తియ్య గారూ, నా మాట అయిపోయింది. మీరేమైనా అంటే అనండి, తిట్టినా వింటాను. దొరబాబూ, ఆ శాలువా పట్టుకుని ఎక్కడికి? పక్కన పెట్టు, శాలువాతో సరిపోయేది కాదు ఇది.

(సత్తియ్య గారు లేచి నిలబడ్డారు. మైకు వద్దన్నారు. రెండు నిమిషాలు మాట్లాడారు.)

వెనకవాళ్ళకి వినపడలేదంటున్నారు. నేను చెబుతాను, ఆయన అన్నది అన్నట్టే చెబుతాను. ముందుగా ఆయన నన్ను దిద్దారు. ‘ఉత్తరం మూల నాలుగు చెట్ల గురించి మీరన్నది నిజమేనండి, వెదురు నీడ ముదిరిపోయింది, ఆ తెగులు నీడ వల్లే వచ్చింది, అది కూడా రాయండి’ అన్నారు. రాస్తానండి, ఐదింటిలోపు రాస్తాను.

తర్వాత నేను ఆయన్ని ఒకటి అడిగాను, మీకు వినపడి ఉండదు, చెట్లు కొట్టమంది ఆవిడే అని ఇన్నేళ్ళూ ఒక్కరితోనైనా ఎందుకు అనలేదని. దానికి ఆయన ఏమన్నారంటే, ‘అప్పటికి మీరు చేరి మూడేళ్ళేనండి. ఆడపిల్ల వచ్చి వ్యవసాయం చెబుతుందేంటని నవ్వేవాళ్ళు నవ్వుతానే ఉన్నారు. నేను నోరు తెరిస్తే మిమ్మల్ని ఇంకే తోటలోకీ రానివ్వరు. నా తోట ఎలాగూ పోయింది. మీరు నేర్చుకుంటే మిగతావాళ్ళకి పనికొస్తారు కదా అని ఊరుకున్నానండి.’



ముప్పై నాలుగేళ్ళు మీరందరూ నన్ను తోటల్లోకి రానిచ్చారు. నా చదువు చూసి రానిచ్చారనే ఇందాకటి వరకు అనుకున్నాను.

సభ పెట్టిన సంఘానికి, భోజనాలు వండినవాళ్ళకి, నా కోపానికి ఓర్చుకున్న ఆఫీసు సిబ్బందికి, మీ అందరికీ రెండు చేతులా దండాలండి. అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. సత్తియ్య గారూ, మీ దగ్గర మాత్రం తీసుకోను. తొలకరి పడి వీరవేణి మొక్కలు పెట్టే రోజున నేనూ వస్తాను. గుంటలు తీయడం నాకు వచ్చు. పడమటి గట్టున ఏం నాటాలో మీరు చెప్పండి, ఈసారి నేను వింటాను.

ఉంటానండి, సెలవు.