యాదగిరి చెయ్యి

ఫిల్మ్ నగర్ స్టూడియోలో కెమెరా క్రేన్ ఉన్నట్టుండి కిందికి ఊగి తగలడంతో ఒక డ్యాన్సర్ భుజం విరిగింది. మూడు వారాల తర్వాత, ఆ క్రేన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డుకు ప్రోగ్రామ్ రాసిన అపూర్వ, క్రేన్ నడిపిన యాదగిరిని వెతుక్కుంటూ కృష్ణానగర్‌లో అతని గదికి వచ్చింది.

"తప్పు నాది యాదగిరన్నా, మీది కాదు."

"గట్లెందుకంటున్నవ్ మేడం? హ్యాండిల్ నా చేతిలనే ఉండె గదా."

"మీ చెయ్యి ఎటు తిరిగిందో మెమరీకి చేరవేసే భాగం బోర్డులో ఒకటుంటుంది. డీఎంఏ కంట్రోలర్ అంటాం. అది ప్రాసెసర్‌ని మధ్యలో అడగదు, మనం రాసిచ్చిన అడ్రస్‌లో పెట్టేస్తుంది. కెమెరా ఫోకస్ తిప్పే మోటారుకీ నేను అదే అడ్రస్ ఇచ్చాను. మీ రీడింగ్ మీద దాని రీడింగ్ వచ్చి పడింది. క్రేన్ దాన్నే మీ చెయ్యి అనుకుంది."

"అంటే, నా చెయ్యి వణకలేదా?"

"లేదు."

"వణికిందనుకొని నేనే పని బంద్ పెట్టిన. నరాల డాక్టర్‌కు సుత చూపిచ్చుకున్న. నీకెప్పుడు తెలిసింది?"



"ప్రమాదం జరిగిన మర్నాడే. ఉద్యోగం పోతుందని భయపడి, ఆ ఒక్క లైనూ మార్చేసి ఊరుకున్నాను. ఇవాళ కంపెనీకి అంతా రాసిచ్చి వచ్చాను."

యాదగిరి తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత లేచి, పొయ్యి పక్కనున్న టిఫిన్ క్యారియర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నా తప్పేనని గా భుజం ఇరిగిన పిల్లకు రోజు అన్నం తీస్కపోతున్న. ఇయ్యాల నువ్వు తీస్కపో. నువ్వెవరివని అడుగుతది. చెప్పు."