ఇంకాసేపు కడగనివ్వని చిత్రం

1986 ఆగస్టు ఒకటో తేదీన మా కలర్ ల్యాబ్‌లో ప్రింటరుగా చేరి, నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు చీకటిగదిలో నిలబడి ఇతరుల శుభకార్యాలకు వర్ణశోభను సమకూర్చిన మా సహోద్యోగిని అభినందించే బాధ్యతను, పక్కగదిలో ఫోటోలు కత్తిరించి అట్టలకు అంటించే నాకు అప్పగించారు. నీళ్ళలోంచి ఏ ప్రింటును తీయబోయినా “ఇంకాసేపు” అని ఆపేవారు గనుక, అందరికీ ఆయన ఇంకాసేపుగారే.

చేరిన కొన్నేళ్ళకే ఆయన, మిగిలిన కలర్ పేపరు ముక్కలపై కెమెరా గాని నెగెటివ్ గాని లేకుండా రంగుల వెలుగును ప్రసరింపజేసి, డెవలపరును ఒకచోట వేడిగా, ఒకచోట చల్లగా కుంచెతో పూసి, ఏ వస్తువునూ పోలని అపురూప చిత్రాలను సృజించసాగారు. ఆ మందు పడక చేతులు పొక్కినా మానలేదు. ఆయన వేళ్ళు చూసి ఆ రోజు ఏ రంగు మొరాయించిందో చెప్పగలనని వారి శ్రీమతి నవ్వేవారు. మేనేజరుగారు మాత్రం వాటిని ఒలకబోసిన మందులనేవారు.

అదే మేనేజరుగారికి, ల్యాబ్ రజతోత్సవానికి అతిథులు రానున్న ఉదయం, ముందుగది గోడ బోసిగా కనిపించింది. ఇంకాసేపుగారి చిత్రాల్లోకెల్లా పెద్దది, నీలం నిండినది, అప్పుడే నీళ్ళలో పడింది. మందు పూర్తిగా వదలకపోతే నీలం నిలవదని, తెలుపు పసుపెక్కుతుందని ఆయన బతిమాలారు.

“ఒక్క అరగంట ఉండనివ్వండి సార్. మళ్ళీ చేద్దామన్నా ఇలా కుదరదు.”

“అందులో పాడవడానికి ఏముందయ్యా?” అని మేనేజరుగారు దాన్ని తడితడిగానే ఎత్తించారు.

అతిథులు మెచ్చారు. మెప్పును మేనేజరుగారు స్వీకరించారు. కొన్నాళ్ళకు నీలం వెలిసి, తెలుపు మరకలు కట్టినప్పుడు మాత్రం తప్పు ప్రింటరుదైంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. హెడ్ ప్రింటరు పదవి ఖాళీ అయిన ప్రతిసారీ ఆ గోడను చూపించే ఆయనను పక్కన పెట్టారు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. వచ్చే నెల నేనూ వెళ్ళిపోతున్నాను గనుక రాస్తున్నాను.

మొన్న ఆయన కానుకలేవీ వద్దు, ఆ చిత్రం ఇస్తే చాలన్నారు. అది సంస్థ ఆస్తి అని జవాబు వచ్చింది. అరగంట ఇవ్వలేనివారు నేటి సభలో ఆయనకు గోడ గడియారం బహూకరిస్తున్నారు.

ఇక ఇంట్లో, తమ కుళాయి కింద, తొందరపెట్టేవారెవరూ లేకుండా ఆయన చిత్రాలు కడుక్కోవాలని, పొక్కులు మానిన చేతులతో, శ్రీమతి నవ్వు తోడుగా ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, మా గోడ మీది ఆ నీలం ఆనవాలు లేకుండా పోయాక కూడా ఇంకాసేపు, ఇంకా చాలాసేపు ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.