ఒక్క వరస చక్రాలు

(బీలెఫెల్డ్ పట్టణం, 1948 మార్చి, మధ్యాహ్నం. ఈ కథా లోకంలో జర్మన్ల కొత్త ట్యాంకు వల్ల యుద్ధం 1945 మేలో ఆగలేదు, 1946 అక్టోబరు దాకా సాగింది. ట్యాంకు తయారుచేసిన ఇంజనీరు ఎగ్గెర్స్, తన ఫ్యాక్టరీలో పనిచేసి చనిపోయిన ఎమిల్ టీమన్ ఇంటికి వచ్చాడు. ఎమిల్ భార్య మేటా అతన్ని వంటింట్లో నిలబెట్టింది.)

“కూర్చోమని నేను అనలేదు.”

“సరే అమ్మా, సరే. నిలబడే మాట్లాడతాను. కాఫీ తెచ్చాను. అసలు కాఫీ, మాడ్చిన బార్లీ కాదు. ఈ బల్ల మీద—”

“బల్ల మీద పెట్టకండి. చేతిలోనే ఉంచుకోండి, పోయేటప్పుడు మరిచిపోకుండా ఉంటారు. అయ్యో, అందులో సిగరెట్ బూడిద రాల్చకండి! కళ్ళు కనిపించవా? అది మా అబ్బాయి ఎకార్ట్‌ది. వాడు చిన్నప్పట్నించీ గుడ్డు పెట్టుకు తిన్న గిన్నె.”

“క్షమించండి. చూడలేదు.”

“మీరు ఏం చూశారు గనక!”

“మేటాగారూ, మీకు కోపం ఉంటుంది. నాకు తెలుసు.”

“మీకేం తెలుసు? నా పేరు ఇవాళ తెలిసిందా? ఎమిల్ మూడుసార్లు మీ ఆఫీసు గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. మూడుసార్లూ ‘ఎవరీ టీమన్?’ అని లోపల్నించి అడిగించారు. ఇవాళ సరాసరి వంటింటిదాకా దారి దొరికిందేం?”

“అది మా గుమస్తా చేసిన పొరపాటు.”

“ఆ ట్యాంకుకి ఇచ్చిన పతకం మెడలో వేసుకున్నది కూడా గుమస్తాయేనా?”

“ఆ పొరపాటే దిద్దుదామని వచ్చాను. ఇదిగో చూడండి. ఎమిల్ ఫ్యాక్టరీ సలహాల పెట్టెలో వేసిన చీటీ. నలభై మూడు జనవరి, నంబరు 412. దాని వెనక బొమ్మ కూడా ఉంది, ఆరు ట్యాంకు చక్రాలు ఒక్క వరసలో. ఇన్నేళ్ళూ భద్రంగా దాచాను.”

“దాచారా? ‘అలాంటి చీటీ మాకు అందలేదు’ అని మీ సంతకంతో ఉత్తరం వచ్చింది. దాన్ని నేనూ భద్రంగానే దాచాను. ఆ సొరుగులో ఉంది. తియ్యమన్నారా?”

“వద్దు, వద్దు. అప్పటి రోజులు అలాంటివి. ఒక కార్మికుడు చెప్పాడంటే పైవాళ్ళు వినేవాళ్ళా? నా పేరు మీద వెళ్ళింది కాబట్టే పని అయింది.”

“మరి ఇవాళ మీ పేరుకి ఏమొచ్చింది?”

“అదే... రేపు పదింటికి, ఇప్పుడు మన ఊరిని ఏలుతున్న ఇంగ్లీషువాళ్ళ కమిటీ ముందు నా విచారణ.”

“ఊఁ. అలా చెప్పండి.”

“వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? యుద్ధాన్ని పదిహేడు నెలలు సాగదీసింది నేనేనట! పాత ట్యాంకులే ఉండి ఉంటే నలభై అయిదు మేలో అంతా అయిపోయేదట. అది నిజమే అనుకోండి. పాతవాటికి చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండేవి. లోపలిది ఒకటి పాడైతే బయటివి అయిదు విప్పాలి. రాత్రి వాటి మధ్య బురద గడ్డకట్టిందంటే పొద్దున్నే బండి కదిలేది కాదు. సగం బండ్లు దారిలోనే కూలబడేవి. ఈ ఒక్క వరస వచ్చాక ఇద్దరు మనుషులు అరగంటలో—”

“ఆపండి. ఆ పాఠం నాకు చెప్పకండి.”

“చెప్పేదేమిటంటే, ఆ ఆలోచన నాది కాదు. ఎమిల్‌ది. మీరు ఒక్క సంతకం చేస్తే చాలు. ‘ఈ చక్రాలు మా ఆయన ఆలోచనే’ అని. కాగితం టైపు చేయించి తెచ్చాను.”

“ఓహో! పతకం మీకూ, శవాలు ఎమిల్‌కీనా?”

“అలా అనకండమ్మా.”

“ఎలా అనాలి? సిగ్గుందా మీకు? రేడియోలో ‘నా చక్రాలు, నా చక్రాలు’ అని ఊదరగొట్టింది ఎవరు? మేము ఇదే బల్ల దగ్గర కూర్చుని విన్నాం. ఎమిల్ చెంచా కింద పెట్టేసి లేచిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు మనిషి.”

“ఆయనకి ఇప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు కదా. పోయినవాళ్ళని కమిటీ ఏం శిక్షిస్తుంది? నా మీద తప్పు ఖాయమైతే ఇంక జన్మలో కొలబద్ద పట్టనివ్వరు. సాంకేతిక పాఠశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం చేతిదాకా వచ్చింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు.”

“నాకూ ఒకడు ఉండేవాడు.”

“తెలుసు. చాలా విచారం—”

“నోరు ముయ్యండి! మీ విచారం ఎవడికి కావాలి? నలభై అయిదు మేలో మా ఎకార్ట్ బతికే ఉన్నాడు. వింటున్నారా? బతికే ఉన్నాడు. ఓడర్ నది ఒడ్డునించి కార్డు రాశాడు. ‘అమ్మా, మా బండి బ్రహ్మాండంగా ఉంది, ఒక్క పూట కూడా ఆగలేదు’ అని. ఆగి ఉంటే? ఒక్క పొద్దున, ఒక్కటంటే ఒక్క పొద్దున కూలబడి ఉంటే రష్యన్లు పట్టుకుపోయేవాళ్ళు. ఇవాళ ఎక్కడో ఇటుకలు మోస్తూ నన్ను తలుచుకునేవాడు. ఆగలేదు కదా అది, నాశనమైపోయిన బండి! ఇంకో ఏడాది పరిగెత్తించింది వాణ్ణి. నలభై ఆరు జూన్‌లో అందులోనే కాలిపోయాడు.”

“అందుకే అంటున్నాను, ఆ చక్రాలు నావి కావు.”

“ఆ ఏడాదే ఫిబ్రవరిలో బాంబులకి కూలిన మీ ఫ్యాక్టరీ కప్పు కింద ఎమిల్. జూన్‌లో వాడు. నాలుగు నెలల్లో ఇల్లు ఖాళీ. మీరు మాత్రం కాఫీ పట్టుకుని వచ్చారు.”

“నేనేం కావాలని చేశానా? మంచి బండి చెయ్యమన్నారు, చేశాను. చెడ్డది చేసి ఉంటే అప్పుడు మీ అబ్బాయిలాంటివాళ్ళు ఇంకా ముందే—”

“చెప్పకండి! ఆ మాట నాకు చెప్పకండి. ఆ మాటే నేను రోజూ నాకు చెప్పుకుంటున్నాను, అయినా నిద్ర పట్టడంలేదు.”

“మీరెందుకు చెప్పుకోవడం?”

“మీకెందుకు? రేపు అక్కడ ఏం చెప్తారో అది చెప్పండి ముందు.”

“ఉన్నది ఉన్నట్టే. ఎమిల్ నా గదికి వచ్చాడు. బల్ల మీద కాగితం పెట్టి, నా కళ్ళముందే ఈ ఆరు చక్రాలూ గీశాడు.”

“మీ కళ్ళముందే?”

“నా కళ్ళముందే.”

“ఏ చేత్తో?”

“ఏ చేత్తో ఏమిటమ్మా? కుడిచేత్తోనే. గీశాక లేచి ఆ చేత్తోనే నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు. గట్టి చెయ్యి.”

“గట్టి చెయ్యే. ఇదంతా రాసిచ్చారా వాళ్ళకి?”

“పొద్దున్నే ఇచ్చేశాను, ప్రమాణం చేసి. మీ సంతకం ఒక్కటే తక్కువ.”

“వెనక్కి తీసుకోవడం కుదరదా?”

“ఎందుకు తీసుకుంటాను? కుదరదు కూడా.”

“మంచిది. ఏదీ, ఆ కలం ఇలా ఇవ్వండి.”

“దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి! ఇదిగో, ఇక్కడ, ఈ గీత మీద—”

“తొందరపడకండి. ముందు ఆ గోడ మీద ఫోటో చూడండి. మా పెళ్ళినాటిది, పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో.”

“బాగుంది. నిజంగా బాగుంది. మీరు అచ్చం—”

“నన్ను కాదు. ఆయన కోటు చూడండి. కుడిచేతి వైపు.”

“కోటా? ఉండండి, దగ్గరికి వెళ్ళి చూస్తాను.”

“చూశారా?”

“కోటు చెయ్యి... ఖాళీగా, పిన్ను పెట్టి మడిచినట్టుంది...”

“మొదటి యుద్ధంలో, వెర్డన్ దగ్గర పోయింది, మోచేతి పైదాకా. ఆ పైన పాతికేళ్ళు మీ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు, పనిముట్ల గదిలో. ఎడంచేత్తో స్పానర్లు అందిస్తూ. మీకూ అందించే ఉంటాడు. మీరు స్పానరు చూశారు, చెయ్యి చూడలేదు.”

“మేటాగారూ... అయితే ఎడంచేత్తోనే గీసి ఉంటాడు. నేనే పొరబడ్డాను. ఎన్నో ఏళ్ళయింది కదా, గుర్తు—”

“షేక్‌హ్యాండు కూడా గుర్తుందన్నారుగా! ఎడంచేత్తో ఆయనకి సంతకమే వంకర్లు పోయేది. పెద్ద ఇంజనీరు కదా మీరు, ఆ బొమ్మ సరిగ్గా చూడండి. అన్నీ ఒకే కొలత, నిండు సున్నాలు. అది ఎమిల్ పనా?”

“మరి... మరి ఇవి ఎవరు గీశారు?”

“ఆ గుడ్డు గిన్నె అందుకోండి.”

“ఎందుకు?”

“అందుకోండి అన్నానా! బోర్లించి ఆ చీటీ మీది బొమ్మలో మొదటి చక్రంలో పెట్టండి. నన్ను చూస్తారేం? పెట్టండి.”

“సరిగ్గా... సరిగ్గా సరిపోయింది.”

“మిగతా అయిదూ చూడండి. అన్నీ సరిపోతాయి. ఆ చీటీకి ముందు క్రిస్మస్‌కి సెలవు మీద వచ్చాడు మా ఎకార్ట్. వేళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి. ఈ బల్ల మీదే పళ్ళాలు ఒకదాని మీదికి ఒకటి పరిచి చూపించాడు. ‘లోపలిది తియ్యాలంటే ఇవన్నీ తియ్యాలమ్మా, మంచులో, ఉత్త చేతుల్తో’ అన్నాడు. నేను వాటన్నిటినీ విడదీసి ఒక్క వరసలో పెట్టాను. ‘ఇలా పెట్టలేరా మీ పెద్ద చదువులవాళ్ళు?’ అన్నాను. నవ్వాడు. ఎంత నవ్వాడో!”

“మీరా? మీరు... మీ ఆయన పేరు ఎందుకు?”

“పెట్టెలో పనివాళ్ళే వెయ్యాలి కదా. ఆయన్ని మూడుసార్లు మీ గుమ్మానికి తరిమింది కూడా నేనే. పేరు రావాలని నాకే ఆశ. పట్టండి మీ కాగితం. ఎమిల్ పేరు కొట్టేశాను. రేపు పదింటికి నేనూ వస్తున్నాను. మీరు మీ కుడిచేతి కథ చెప్పుకోండి.”

“అమ్మా, వద్దమ్మా! మీకేం పిచ్చా? ఇది బయటపెడితే ఈ ఊళ్ళో మిమ్మల్ని బతకనిస్తారా? ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. వాళ్ళకి ఏమని చెప్తారు?”

“నా కొడుకు వేళ్ళు గడ్డకట్టకూడదని ఆ చక్రాలు నేనే గీశానని.”