తొండుపల్లి కోడి, కాశి విమానం

గంగ లేదు వదినా. ఎన్నిసార్లు ఆ సంచిల చెయ్యి పెడ్తవ్? కాశికి పోతె గద గంగ తెచ్చేది.

అవు, పోలే. తొండుపల్లి దాటి నాలుగడుగులు గూడ పోలే. కూసో. చాయ్ తాగుకుంట విను, నీ తమ్ముడు చేసిన ఘనకార్యం.

మొన్న చలికాలంల దవాఖానకు పోయిండా, బీపీ ఉన్నది, యాల్లకు తిను, యాల్లకు పండు అన్నడు డాక్టర్. గంతే అన్నడు. ఈయన ఇంటికొచ్చి గోడ గడియారం పీకేసిండు. "మా నాయనకు గడియారం లేకుండె, బీపీ గూడ లేకుండె" అన్నడు. ఆ మేకుకు జొన్నకంకులు కట్టిండు, పిచ్చుకలకని. పిచ్చుకలు యాడున్నయ్? పావురాలొచ్చి నా పప్పు డబ్బ మీద కాపురం పెట్టినయ్.

పొద్దుగూకంగనే లైట్లు బంద్, టీవీ బంద్. సీరియల్ల అత్త కోడల్ని ఎల్లగొడ్తుండె. ఎల్లగొట్టిందో లేదో నాకిప్పటికీ తెల్వది.

గప్పుడు నువ్వు కందుకూరు నుంచి కోడిపుంజును పంపినవ్. నవ్వకు వదినా, ఆ పుణ్యం నీదే.

కందుకూరుల కోడి తెల్లారంగ కూస్తది. ఇక్కడ మా ఇంటి మీదికెల్లే విమానాలు దిగుతయ్. లైటు పడ్డప్పుడల్ల పాపం అది సూర్యుడనుకున్నది. అది కూసుడు, నీ తమ్ముడు లేచుడు, చన్నీళ్లు పోసుకునుడు, తూర్పుకు దండం పెట్టుడు. మల్ల పండుడు, మల్ల లేచుడు. పక్కింటి లీలమ్మ వచ్చి, "రుక్కక్కా, చెన్నయ్యన్న పానం మంచిగున్నదా? మా పాస్టరు గారితోని ప్రార్థన చేయియ్యమంటవా?" అన్నది.

చేయియ్యమన్న. మరేం జెయ్యాలె?

బీపీయా? పెరిగింది.

గిసుంటప్పుడు మా ప్రియదర్శిని కాశికి టికెట్లు తీసింది. "అమ్మా, నా చిన్నప్పటి సంది విమానాల కింద బట్టలారేస్తున్నవ్, ఒక్కసారి ఎక్కు" అన్నది. నేను ఏడ్చిన వదినా. అప్పగింతలప్పుడు గూడ అంత ఏడ్వలే. విమానం పొట్ట నాకు నా అరచెయ్యి లెక్క తెలుసు. లోపల ఎట్లుంటదో తెల్వది.

పొద్దుగాల్ల విమానం. చీకటితోనే లేవాలె. ఫోన్ల అలారం పెట్టిన. ఈయన చూసి బంద్ చేసిండు. "కోడి ఇంట్లుండంగ ఫోనెందుకే? రోజూ కోడిజామున పెద్ద విమానం దిగుతది, ఇది కూస్తది, నేను లేస్త" అన్నడు. నిజమే గద అనుకున్న. ఇన్ని రోజులు కన్ను మూయనియ్యని కోడి, ఆ ఒక్కనాడు మోసం జేస్తదా?

చేసింది. మిరుగం కార్తె దగ్గరపడ్డదట, గాలి మళ్లిందట. దాంతోని విమానాలన్ని అటుపక్క నుంచి దిగినయ్. మా ఇంటి మీద చల్లటి చీకటి. కోడి మస్తుగ పన్నది. మేము గూడ. అసుంటి నిద్ర నా పెండ్లయినంక ఎన్నడు పోలే.

కూసింది, ఎందుకు కూయలే? సక్కగ తెల్లారినంక, కందుకూరుల కూసినట్టే కూసింది.

చీర సగం చుట్టుకొని ఉరికిన. మా గల్లి మల్లేశ్వర్ ఆటో గుంజుకొచ్చిండు. కౌంటర్ కాడ పిల్ల, "బంద్ అయ్యిందమ్మా. ఎక్కడ్నుంచి వచ్చిన్రు?" అని అడిగింది. ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న తొండుపల్లి అని ఎట్ల జెప్త? సిగ్గుతోని కందుకూరు అన్న. "అయ్యో, అంత దూరం నుంచా" అని ఆ పిల్ల నాకు నీళ్లిచ్చింది.

బయటికొచ్చి ట్రాలీల పక్కన కూలబడ్డ. మా విమానం మా నెత్తి మీదికెల్లే లేచింది. దాని పొట్ట మల్ల చూసిన.

గప్పుడే వాన. తొలకరి. నీ తమ్ముని మొఖం ఎలిగిపోయింది. "చూసినవానె, గాలి మళ్లిందని నేను చెప్పలే?" అన్నడు. ఎప్పుడు జెప్పిండు వదినా? నిద్రల జెప్పిండా?

అటెన్క నా మొఖం చూసిండు. భుజం మీది తువ్వాల తీసి నా నెత్తిన కప్పిండు. "నిన్ను ఎక్కియ్యకపోతిని" అన్నడు, మెల్లగ. గట్ల అంటె ఇగ ఏం కొట్లాడ్త? కొట్లాడుదామనే ఉండె, అప్పటికే ఆయన జలుబుతోని తుమ్ముతున్నడు.

ప్రియ మల్ల టికెట్లు తీసింది. ఎల్లుండి పొద్దుగాల్ల. ఈసారన్న అలారం పెడ్దమా అంటె వద్దట. పిట్టలు గూటికి మళ్లే యాల్లకు మనం పోయి ఎయిర్‌పోర్టులనే పండుదమంటున్నడు. నడిచిపోయేంత దూరంల ఇల్లు పెట్టుకొని.

ఏం జేస్త? బొంత మడతపెట్టిన. రొట్టెలు, మిర్పకాయ తొక్కు కట్టుకపోదమనుకుంటున్న. దోమతెర గూడ తీస్కరమ్మన్నడు. దాన్ని కట్టే కట్టెలు ఇంట్ల మంచానికే ఉన్నయ్, ఆడ దేనికి కడ్తడో ఆయనకే ఎర్క.